తోక ఎముక దగ్గర గడ్డ: మొదటి సూది పడకముందు చేయవలసిన పనులు

"అక్కా, అమ్మకు కూర్చుంటే నొప్పి. నడుము కింది ఎముకలో గడ్డ ఉందన్నారు. తిరుపతిలో చూపించాలా, వేలూరు తీసుకెళ్లాలా?" ఈ ప్రశ్న ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉన్నారు. ఫోనులో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరచిపోతున్నాను. అందుకే అన్నీ ఒక వరుసలో రాసి పెడుతున్నాను.

నేను డాక్టరును కాను. మా నాన్నకు ఈ జబ్బు వచ్చినప్పుడు చిత్తూరు, తిరుపతి, వేలూరు మధ్య ఫైలు పట్టుకొని తిరిగిన కూతురిని. అప్పుడు తెలిసిందేమిటంటే, ఈ చోట వచ్చే గడ్డ విషయంలో మొదటి సూది (పరీక్షకు గడ్డలోంచి ముక్క తీసే సూది), మొదటి ఆపరేషన్ సరిగ్గా పడాలి. ఆ రెండింటిలో పొరపాటు జరిగితే తర్వాత ఎంత పెద్ద ఆసుపత్రికి వెళ్లినా పూర్తిగా దిద్దడం కష్టం. కింద రెండో మెట్టులో చెప్పిన అత్యవసరం తప్ప, మిగతా ఆలస్యాలను చాలావరకు సర్దుకోవచ్చు.

రెండు మాటలు తెలిస్తే రిపోర్టు అర్థమవుతుంది. నడుము పూసల కింద, ఐదు పూసలు కలిసిపోయి ఒకటైన త్రికోణపు ఎముకను త్రికాస్థి అంటారు. రిపోర్టులో శాక్రమ్ అని ఉంటుంది. దాని కొసన ఉన్నది తోక ఎముక, అంటే కాక్సిక్స్. ఆ ఐదు పూసలకు ఎస్1 మొదలుకొని ఎస్5 వరకు పేర్లు, అవే పేర్లతో నరాలు జతలుగా బయటికి వస్తాయి. మూత్రం, మలం, దాంపత్య జీవితం ముఖ్యంగా ఎస్2, ఎస్3, ఎస్4 నరాల మీద ఆధారపడి ఉంటాయి. ఇక్కడ కత్తి పెట్టే ముందు అంత ఆలోచన ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఒక చిన్న నోటు పుస్తకం. నొప్పి, మూత్రం, మలం వివరాలు రాయడానికి.
- ఇప్పటివరకు తీసిన ఎక్స్‌రేలు, స్కాన్ ఫిల్ములు, వాటి సీడీలు. కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు.
- వాడుతున్న మందుల చీటీలు. రక్తం పలుచబడే మందులు ఉంటే వాటి పేర్లు విడిగా రాయండి.
- ఆధార్, రేషన్ లేదా ఆరోగ్య కార్డు.
- గుండెకు పేస్‌మేకర్, ఒంట్లో లోహపు ముక్కలు ఉంటే వాటి కాగితాలు.
- ప్రతిసారీ వెంట వచ్చే ఒకే మనిషి. ఈసారి అన్న, వచ్చేసారి బావ అయితే డాక్టరు చెప్పిన మాట సగంలోనే ఆగిపోతుంది.

1. నొప్పి తీరును పట్టుకోండి

మా నాన్న చిత్తూరు–తిరుపతి బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చేవారు. ఇంట్లో అరుగు మీద కూర్చుంటే ఎడమ పిరుదు మీదే బరువు ఆనించి, కుడి చేత్తో గట్టు అంచు పట్టుకొనేవారు. ఎనిమిది నెలలపాటు దాన్ని వయసు నొప్పి అనుకున్నాం. మీరు చూడవలసినది సరిగ్గా ఇలాంటివే: కూర్చుంటే పెరిగే నొప్పి, పడుకున్నా తగ్గని నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, నెలనెలకూ పెరుగుతూ పోయే నొప్పి. కొత్తగా వచ్చిన మలబద్ధకం, మూత్రం సన్నగా రావడం, పిరుదుల మధ్య తిమ్మిరి, కాలి వెనక వైపు జివ్వుమని లాగడం కూడా రాయండి.

నడుము నొప్పుల్లో ఎక్కువ భాగం గడ్డ వల్ల రావు. తోక ఎముక దగ్గర నొప్పి అనగానే భయపడిపోవద్దు. కింద పడడం వల్లనో, గట్టి కుర్చీలో గంటలకొద్దీ కూర్చోవడం వల్లనో వచ్చేదే ఎక్కువ. అయితే ఆరు వారాలు మందులు, విశ్రాంతి అయ్యాక కూడా తగ్గకపోతే, లేదా మధ్యలోనే పైన చెప్పిన గుర్తులు కనిపిస్తే స్కాన్ అడగండి.

హెచ్చరిక: కారణం తేలేవరకు ఆ చోట మర్దన, కట్లు, వేడి కాపడం వద్దు. మన ప్రాంతంలో ఎముక అనగానే పుత్తూరు కట్టు గుర్తుకొస్తుంది. ఆ వైద్యం విరిగిన చేతికీ కాలికీ పేరు పొందింది. లోపల పెరిగే గడ్డకు కట్టు పని చేయదు, పైగా గడ్డ తినేసిన ఎముక ఒత్తిడికి విరగవచ్చు.

2. ఇది ఈ రాత్రే వెళ్లవలసిన పరిస్థితా?

మూత్రం ఆగిపోయిందా? తెలియకుండా మూత్రమో మలమో పోతోందా? సైకిల్ సీటు తగిలే చోటంతా మొద్దుబారిందా? రెండు కాళ్లలో బలం తగ్గుతోందా? వీటిలో ఏ ఒక్కటి కొత్తగా వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోను చేసి, ఎంఆర్ఐ, నరాల శస్త్రచికిత్స రెండూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. తిరుపతిలో అలాంటి పెద్ద ఆసుపత్రి అంటే స్విమ్స్. నరాల మీద ఒత్తిడి గంటలు గడిచేకొద్దీ శాశ్వత నష్టంగా మారుతుంది.

మూత్రం పోశాక పొట్ట స్కాన్‌లో లోపల ఎంత మిగిలిందో చూడమనండి. 200 మిల్లీలీటర్లకు పైగా నిలిస్తే తేలికగా తీసుకోవద్దు.

3. చేతి పరీక్ష, రక్త పరీక్షలు

మలద్వారంలో వేలు పెట్టి చేసే పరీక్షకు సిగ్గుపడి చాలామంది వద్దంటారు. త్రికాస్థి ముందువైపు పెరిగే గడ్డ వెనక నుంచి కనిపించదు, ఎక్స్‌రేలో పేగుల గాలి చాటున దాగిపోతుంది. డాక్టరు వేలికి మాత్రం చాలాసార్లు గట్టిగా తగులుతుంది. ఒక్క నిమిషం పని, ఒప్పుకోండి.

రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), కాల్షియం, ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఉందేమో చెప్పేది) సాధారణంగా చూస్తారు. యాభై దాటిన మగవారికి ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ, ఎముక మజ్జ జబ్బు అనుమానం ఉంటే రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ కూడా అడుగుతారు. ఆడవారికి రొమ్ము పరీక్ష తప్పక చేయించండి. పెద్దవారి త్రికాస్థిలో కనిపించే క్యాన్సర్ గడ్డల్లో ఎక్కువ భాగం వేరే చోట పుట్టి అక్కడికి పాకినవే. ప్రోస్టేట్, రొమ్ము, ఊపిరితిత్తులు, మూత్రపిండం, థైరాయిడ్ అలా పాకే వాటిలో ముఖ్యమైనవి.

4. స్కాన్ పూర్తిగా తీయించండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఆగుతాను. మేము దెబ్బ తిన్నది ఇక్కడే.

నాన్నకు మొదటిసారి తీసింది మామూలు నడుము ఎంఆర్ఐ. "ఎల్4, ఎల్5 మధ్య డిస్క్ కొద్దిగా జారింది" అని రిపోర్టు వచ్చింది, అంటే నడుములోని చివరి రెండు పూసల మధ్య. ఆ వయసులో అది చాలామందికి ఉండేదే. నాలుగు నెలలు డిస్కుకు మందులు వాడాం. తర్వాత వేరే డాక్టరు ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, చూపుడు వేలితో పూసలు లెక్కపెడుతూ కిందికి వచ్చారు. ఎస్2 దగ్గర వేలు ఆగింది. అక్కడితో బొమ్మ అయిపోయింది. గడ్డ ఎస్3లో ఉంది.

అందుకే స్కాన్ గదిలోకి వెళ్లకముందే ఇవి సరిచూసుకోండి:

- చీటీలో "త్రికాస్థి, తోక ఎముక చివరి వరకు, కాంట్రాస్టుతో ఎంఆర్ఐ" అని రాయించుకోండి. కాంట్రాస్టు అంటే గడ్డ స్పష్టంగా కనిపించడానికి నరంలోకి ఎక్కించే మందు. నడుము అని మాత్రమే ఉంటే డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లండి.
- టెక్నీషియన్‌కు నొప్పి ఉన్న చోటును చేత్తో చూపించండి.
- కాంట్రాస్టు సూది వేయడానికి ముందు క్రియాటినిన్ రిపోర్టు చూపించండి. మూత్రపిండాల జబ్బు ఉంటే తప్పక చెప్పండి.
- పేస్‌మేకర్, పాత లోహపు క్లిప్పులు ఉంటే ముందే చెప్పండి.

సరిగ్గా వచ్చిందా అని చూసుకోవడం మీకూ సాధ్యమే. పక్క నుంచి తీసిన బొమ్మలో వెన్నెముక వంపు తిరుగుతూ కిందికి వచ్చి, తోక ఎముక కొస కనిపించి, దాని కింద ఇంకా కొంత కండ కనిపించాలి. కొస కనిపించకపోతే ఆ స్కాన్ అసంపూర్ణం.

ఎంఆర్ఐ గడ్డ ఎంతవరకు పాకిందో చెబుతుంది. ఎముక ఎంత తినేసిందో సీటీ చెబుతుంది. చాలామందికి రెండూ కావాలి. ఊపిరితిత్తుల సీటీ, అవసరమైతే ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ తర్వాత వస్తాయి.

ఎంఆర్ఐలో "టార్లోవ్ తిత్తి" అని రాసి ఉంటే గాభరా పడకండి. నరం చుట్టూ నీరు చేరిన సంచి అది, క్యాన్సర్ కాదు. చాలామందికి దానివల్ల ఏ బాధా ఉండదు.

5. ఏమై ఉండవచ్చు?

పేరు తెలియకుండా భయపడడంకన్నా, ఉండగల పేర్లు తెలుసుకొని ప్రశ్నలు అడగడం మేలు.

కార్డోమా: త్రికాస్థిలోనే పుట్టే క్యాన్సర్లలో పెద్దవారికి ఎక్కువగా వచ్చేది ఇదే. అయినా మొత్తం మీద చాలా అరుదు, ఏడాదికి పది లక్షల మందిలో సుమారు ఒకరికి వస్తుంది. గర్భంలో వెన్నెముక ఏర్పడేటప్పుడు ఉండే నోటోకార్డ్ అనే దారం లాంటి భాగం తాలూకు మిగులు కణాల నుంచి పుడుతుంది. నిదానంగా పెరుగుతుంది, అందుకే నెలల తరబడి మామూలు నొప్పిలా మోసం చేస్తుంది. నాన్నకు వచ్చింది ఇదే.

జెయింట్ సెల్ ట్యూమర్: ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్లవారిలో వస్తుంది. సాధారణంగా క్యాన్సర్ కాదు కానీ ఎముకను తినేస్తుంది.

నరపు తొడుగు నుంచి పుట్టే ష్వానోమా, మజ్జ జబ్బు మైలోమా, పిల్లల్లో వచ్చే ఎముక క్యాన్సర్ యూయింగ్ సార్కోమా కూడా ఉంటాయి. మన దేశంలో మరొకటి మరువకూడదు, ఎముక క్షయ. అది గడ్డలా కనిపించి మోసం చేస్తుంది, మందులతో నయమవుతుంది. అందుకే తీసిన ముక్కను క్షయ పరీక్షకూ పంపమని అడగండి.

పుట్టిన బిడ్డకు తోక ఎముక దగ్గర ఉబ్బు కనిపిస్తే అది టెరటోమా కావచ్చు. దాని దారి వేరు. పిల్లల శస్త్రచికిత్స నిపుణులు గడ్డతో పాటు తోక ఎముకను కూడా తీసేయాలి. ఎముకను వదిలేస్తే మళ్లీ వచ్చే ముప్పు పెరుగుతుంది. తర్వాత ఏఎఫ్‌పీ అనే రక్త పరీక్షతో గమనిస్తారు.

6. ముక్క పరీక్ష: తొందరపడకూడని చోటు

పేరు ఖాయం చేసేది బయాప్సీ. "సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందట కదా" అని అందరూ అడుగుతారు. సరైన దారిలో గుచ్చితే ఆ భయం అక్కర్లేదు. తప్పు దారిలో గుచ్చితే మాత్రం ఈ జబ్బులో నిజంగా నష్టం ఉంది. సూది వెళ్లిన దారిలో కార్డోమా కణాలు మిగిలిపోవచ్చు. కాబట్టి ఆ దారిని కూడా తర్వాత ఆపరేషన్‌లో గడ్డతో కలిపి తీసేయాలి.

డాక్టరును ఈ నాలుగూ అడగండి:

- సూది వెనక నుంచి, తర్వాత కోయబోయే గీత మీదుగా వెళ్తుందా? మలద్వారం లోపలి నుంచి గుచ్చుతామంటే ఒప్పుకోకండి. అలా చేస్తే ఆ పేగు భాగాన్ని కూడా తీయవలసి రావచ్చు.
- సీటీ చూస్తూ గుచ్చుతారా?
- ఆపరేషన్ చేయబోయే సర్జన్‌తో మాట్లాడి దారి నిర్ణయించారా? వీలైతే ఆయన ఉన్న ఆసుపత్రిలోనే బయాప్సీ చేయించండి.
- గుచ్చిన చోట చర్మం మీద గుర్తు పెడతారా? పెట్టకపోతే కట్టు విప్పిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి. నెల తిరిగేసరికి ఆ చుక్క కనిపించదు.

రక్తం పలుచబడే మందులు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి, మీరే ఆపకండి. అలాగే, లింఫోమా అనే లింఫు కణాల క్యాన్సర్ అనుమానం ఉన్నవారికి ముందుగా స్టెరాయిడ్ ఇస్తే ముక్కలో జబ్బు కనిపించకుండా పోవచ్చు. కాళ్లు పడిపోతున్న అత్యవసరం వేరు. అది లేనప్పుడు నొప్పికని ఎవరైనా స్టెరాయిడ్ రాస్తే బయాప్సీ సంగతి గుర్తు చేయండి.

ఎముక ముక్కను మెత్తబరచి కోయాలి కాబట్టి ఫలితానికి వారం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. కార్డోమా అని రాస్తే బ్రాకియూరీ అనే పరీక్ష చేశారా అని చూడండి, దాన్ని ఖాయం చేసే గుర్తు అదే. తీసిన ముక్కతో చేసిన గాజు పలకలు (స్లైడ్లు), మైనపు దిమ్మలు (బ్లాకులు) అడిగి తెచ్చుకోండి. రెండో చోట చూపించినప్పుడు మళ్లీ సూది పడకుండా అవే కాపాడతాయి.

చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి: "చిన్న గడ్డే కదా, తీసేసి పరీక్షకు పంపుదాం" అంటే సరేననడం. పేరు తెలియకుండా సగం తీసిన కార్డోమా తిరిగి వస్తుంది, రెండోసారి తీయడం మరింత కష్టం.

7. ఎక్కడ, ఎవరి దగ్గర

తిరుపతిలో స్విమ్స్, రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి, ఎముకలకు తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఉంది, క్యాన్సర్‌కు టాటా ట్రస్టుల తోడ్పాటుతో వచ్చిన స్వీకార్ ఉంది. చిత్తూరు వారికి వేలూరు సీఎంసీ గంట, గంటన్నర దూరం. ఆసుపత్రి పేరు కన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది: "త్రికాస్థి గడ్డలు మీ దగ్గర ఎన్ని తీశారు?" ఎముక క్యాన్సర్ సర్జన్, వెన్నెముక లేదా నరాల సర్జన్, పేగుల సర్జన్, గాయం మూయడానికి ప్లాస్టిక్ సర్జన్, రేడియేషన్ డాక్టరు కలిసి కూర్చొని నిర్ణయించే చోటు కావాలి. నిజాయితీగా "మేము పంపిస్తాం" అని చెప్పిన డాక్టరు మీకు మేలు చేసినట్టే.

ఖర్చుకు: మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో ఆపరేషన్‌కు ముందే అనుమతి రావాలి. ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో కలవండి, లేదా 104కు ఫోను చేయండి. తమిళనాడు వైపు వెళ్తుంటే ఆ ఆసుపత్రిలో కార్డు చెల్లుతుందో లేదో బయలుదేరే ముందే తెలుసుకోండి. చెల్లకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

8. చికిత్స: పేరును బట్టి దారి

కార్డోమాకు మామూలు కీమో పని చేయదు. గడ్డను పగలకొట్టకుండా, చుట్టూ మంచి కండతో సహా ఒకే ముద్దగా తీయడమే ప్రధాన చికిత్స. ఎస్3 కింద కోత అయితే నష్టం తక్కువ. రెండు వైపులా ఎస్2, కనీసం ఒక వైపు ఎస్3 నరం నిలిస్తే చాలామందికి మూత్రం, మలం అదుపు చాలావరకు మిగులుతుంది. ఎస్2 నరాలు రెండూ పోతే ఆ అదుపు పోతుంది. కోత ఇంకా పైకి, ఎస్1 దాకా వెళ్తే నడుమును తుంటి ఎముకలకు కడ్డీలతో బిగించవలసి రావచ్చు. ఏ నరాలు ఉంటాయి, ఏవి పోతాయి అని బొమ్మ గీసి చూపించమని అడగండి. సంతకం ఆ తర్వాతే.

దాంపత్య జీవితం గురించి అడగడానికి మొహమాటపడతారు. అమ్మ అడగలేదు, నాన్న అడగలేదు. నేను అడిగాను. డాక్టరు ఏమాత్రం ఇబ్బంది పడకుండా చెప్పారు.

ఆపరేషన్ వీలు కాకపోయినా, అంచుల్లో గడ్డ మిగిలినా రేడియేషన్ ఉంది, మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, అది. కార్డోమాకు 70 గ్రే (రేడియేషన్‌ను కొలిచే లెక్క) దాటే పెద్ద మోతాదు కావాలి. పక్కనే పేగు, నరాలు ఉంటాయి కాబట్టి గురి కచ్చితంగా ఉండాలి. మామూలు కిరణాల బదులు ప్రోటాన్ కణాలతో ఇచ్చే ప్రోటాన్ రేడియేషన్ చెన్నైలో 2019 నుంచి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉంది. ఖర్చు చాలా ఎక్కువ. అందరికీ అదే కావాలని కాదు, మీ గడ్డకు దానివల్ల అదనంగా ఏం ఒరుగుతుందో అడిగి నిర్ణయించండి.

జెయింట్ సెల్‌కు డెనోసుమాబ్ సూది ఉంది. 120 మిల్లీగ్రాములు నెలకొకసారి, మొదటి నెలలో 8వ, 15వ రోజుల్లో అదనంగా వేస్తారు. మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టరుకు చూపించండి, పన్ను పీకవలసి ఉంటే ముందే పీకించండి. సూది నడుస్తుండగా పీకితే దవడ ఎముక దెబ్బతినవచ్చు. కాల్షియం, విటమిన్ డి మానకూడదు. గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. గడ్డకు రక్తం తెచ్చే నాళాలను లోపలి నుంచి మూసేసే ఎంబోలైజేషన్ కూడా ఒక దారి.

వేరే చోటి నుంచి పాకినదైతే పెద్ద ఆపరేషన్ అరుదు. అసలు క్యాన్సర్‌కు మందులు, నొప్పి ఉన్న చోట కొద్ది రోజుల రేడియేషన్ ఇస్తారు. యూయింగ్‌కు కీమో ముందు నడుస్తుంది. మార్ఫిన్ మాత్ర రాస్తే భయపడకండి. డాక్టరు చెప్పిన మోతాదులో అది మనిషిని నిద్రపోనిస్తుంది, దానితో పాటు మలబద్ధకానికి మందు కూడా అడగండి.

9. ఇంటికి వచ్చాక

ఈ ఆపరేషన్‌లో గాయం మానడమే పెద్ద పరీక్ష. కూర్చోవడం, వెల్లకిలా పడుకోవడం వారాల తరబడి కూడదు. బోర్లా, పక్కలకు, రెండు గంటలకొకసారి తిప్పుతూ ఉండాలి. మేము గోడ గడియారం కింద కాగితం అంటించి, తిప్పిన ప్రతిసారీ ఎటువైపో రాశాం. మధ్యలో రంధ్రం ఉన్న గాలి దిండు కొనకండి, అది చుట్టూ ఒత్తిడి పెంచుతుంది.

మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి కాదు, గాయం నుంచి దూరంగా నర్సు చూపించిన వైపుకే శుభ్రం చేయండి. గాయం అంత దగ్గరలో ఉంటుంది. చీము, దుర్వాసన, జ్వరం, గాయం నుంచి నీళ్లలాంటి ద్రవం ఆగకుండా రావడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఫోను చేయండి.

మూత్రం తనంతట రాకపోతే 4 నుంచి 6 గంటలకొకసారి శుభ్రమైన గొట్టంతో తీసుకోవడం నేర్పిస్తారు. డిశ్చార్జికి ముందు రోగి, లేదా మీరు, నర్సు ఎదుట కనీసం మూడుసార్లు సొంతంగా చేసి చూపించండి. ఇంటికి వచ్చాక నేర్చుకుందామంటే కుదరదు. మలానికి రోజూ ఒకే వేళ పాటించండి, భోజనం అయిన అరగంట తర్వాత సులువు.

10. మళ్లీ వచ్చిందా అని చూసుకోవడం

కార్డోమా ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు. మొదటి కొన్నేళ్లు సాధారణంగా ఆరు నెలలకొకసారి, కొందరికి ఇంకా ముందే, ఎంఆర్ఐ తీస్తారు. తర్వాత ఏడాదికొకసారి, పదేళ్లు దాటినా మానరు. ఊపిరితిత్తుల సీటీ కూడా ఉంటుంది. నొప్పి లేదు కదా అని తేదీ దాటనివ్వకండి.

ఆపరేషన్ అయిన మూడు, నాలుగు నెలలకు తీసిన ఎంఆర్ఐ సీడీని విడిగా, పోకుండా దాచండి. తర్వాతి ప్రతి స్కాన్‌ను దాని పక్కన పెట్టి చూడమని రేడియాలజిస్టును అడగాలి. మానిన గాయపు మచ్చ, కొత్త గడ్డ బొమ్మలో ఒకేలా కనిపించవచ్చు, పాతదానితో పోల్చితేనే తేడా తెలుస్తుంది. స్కాన్ చేతికి రాగానే తోక ఎముక చోటు వరకు, కోసిన అంచు కింది దాకా బొమ్మ వచ్చిందో లేదో మీరు కూడా ఒకసారి కిటికీ వెలుతురుకు పట్టి చూడండి.